చూసే కన్నుకూ లెక్క ఉండాలి



ఉదయగిరి దుర్గం పేరు మీరు చరిత్ర పాఠంలో విని ఉంటారు. మా నెల్లూరు జిల్లా పడమటి అంచున, సుమారు మూడువేల అడుగుల కొండ మీద ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే, గజపతుల చేతినుంచి అది దక్కింది 1514లో. ఎత్తున ఉన్నవాడికి కింద వచ్చేపోయేవాళ్లంతా కనబడతారు. శత్రువు ఎటునుంచి వస్తున్నాడో ముందే కనిపెట్టడం రాజ్యరక్షణలో మొదటి పని. దీన్నే నిఘా అంటాం.

ఇప్పుడు ఆ కాపలా ఆకాశానికి చేరింది. ముంబయి మీద 2008లో దాడి జరిగాక, 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి రిశాట్-2 ఉపగ్రహాన్ని పంపారు. అది రాడార్ తరంగాలతో చూసేది కనుక దానికి మబ్బూ చీకటీ అడ్డు కాలేదు. 2019లో వెళ్లిన కార్టోశాట్-3 సుమారు పాతిక సెంటీమీటర్ల వస్తువును గుర్తుపడుతుంది. అంటే పైనుంచి మీ తల దానికి ఒక చుక్క మాత్రమే. మీరెవరో దానికి తెలియదు.

వీధిలోని కెమెరా సంగతి వేరు. దానికి మీ ముఖం కావాలి.

ఈ కెమెరాలు ఊరికే రాలేదు. హైదరాబాదులో 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలి పదులకొద్దీ అమాయకులు చనిపోయారు. జనం ఎక్కువగా చేరే సంస్థలు కెమెరాలు పెట్టాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే చట్టం వచ్చింది. దోషుల్ని పట్టుకోవడానికి కెమెరా ఉపయోగపడుతుంది. ఇందులో సందేహం లేదు.

ఇప్పుడు కెమెరాకు కంప్యూటర్ తోడైంది. కళ్ల మధ్య దూరం, ముక్కు పొడవు, దవడ వంపు లాంటి పోలికలను అది అంకెలుగా మార్చి, తన దగ్గరున్న ఫోటోల అంకెలతో పోల్చి చూస్తుంది. రెండూ దగ్గరగా ఉంటే “ఇతడే” అంటుంది. గమనించండి, అది చెప్పేది పోలిక మాత్రమే. రుజువు కాదు.

ఒక లెక్క చేద్దాం. ఆత్మకూరు బస్టాండులో అలాంటి యంత్రం పెట్టారనుకోండి. కొన్ని రోజుల్లో లక్షమంది దాని ముందునుంచి నడిచారు. వాళ్లలో పోలీసులు వెతుకుతున్నవాళ్లు పదిమంది. యంత్రం నూటికి 99 సార్లు సరిగ్గా చెబుతుంది. చాలా మంచి యంత్రం కదా! ఆ పదిమందినీ అది పట్టేసిందనే అనుకుందాం. మిగిలినవాళ్లు 99,990 మంది. నూటికి ఒకటి చొప్పున తప్పితే, సుమారు వెయ్యిమంది అమాయకుల మీద అది వేలు చూపుతుంది. పట్టుబడ్డ 1,010 మందిలో అసలువాళ్లు పదిమందే! అంటే నూటికి ఒక్కడు. యంత్రం చెప్పిందే వేదమనుకుంటే ఆ వెయ్యిమంది గతేమిటి?

“తప్పు చేయనివాడికి భయమెందుకు?” అని కొందరు అడుగుతారు. ఎన్నికలప్పుడు మీ బడిలోనే ఓట్లు వేస్తారు. అక్కడ అట్టలతో మరుగు ఎందుకు కడతారు? ఓటు వేయడం నేరమనా? కాదు. ఎవరో చూస్తున్నారంటే మనిషి తన మనసులోని మాట ప్రకారం నడుచుకోలేడు. అందుకే ఆ మరుగు. గోప్యత దొంగకోసం కాదు, స్వేచ్ఛగా ఆలోచించేవాడికోసం.

కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకకంఠంతో గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు. హైదరాబాదులో 2021లో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని అడిగి, ఫోటో తీశారు. ఎందుకు తీశారని ఆయన అడిగారు. ముఖాల గుర్తింపు యంత్రాల మీద తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకు ఉంది, మీకూ ఉంది.

అలా అడగకపోతే ఏమవుతుంది? 2024 మార్చిలో హైదరాబాదులో ఫోన్ల ట్యాపింగ్ కేసు నమోదైంది. తీవ్రవాదుల కదలికలు కనిపెట్టవలసిన విభాగం రాజకీయ నాయకుల ఫోన్లూ విన్నదని ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. కానీ ఒకందుకు ఇచ్చిన పనిముట్టు మరొకందుకు వాడుకునే వీలుందని మనం గ్రహించాలి. 1996లోనే సుప్రీంకోర్టు దీనికి కట్టడి పెట్టింది. ఫోను వినాలంటే హోంశాఖ కార్యదర్శి ఆదేశం కావాలి, దానికి గడువుండాలి, ఒక సంఘం దాన్ని సమీక్షించాలి.

నా అభిప్రాయం ఇది. దేశభద్రత కావాలి, నిఘా కూడా కావాలి. కానీ ప్రతి నిఘా కంటికీ ఒక చట్టం, ఒక ప్రయోజనం, ఒక గడువు, పైన ఒక తనిఖీదారు ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, దేశభద్రత పేరిట ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి కట్టబెట్టింది. మినహాయింపు ఎంత పెద్దదైతే తనిఖీ అంత గట్టిగా ఉండాలంటాను. కాపలావాడిని ప్రశ్నించడం ద్రోహం కాదు. కొలిచే పనిముట్టును ముందు పరీక్షించమనే సైన్స్ మనకు నేర్పింది.

ఇక మీకు రెండు పనులు. ఒకటి, పై లెక్కను వెయ్యికి 999 సార్లు సరిగ్గా చెప్పే యంత్రంతో మళ్లీ చేయండి. అసలువాళ్లు ఎందరిలో ఒకరో కనుక్కోండి. రెండు, మీ ఊళ్లో కెమెరాలెన్నో లెక్కపెట్టి, బొమ్మలు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో పెద్దలను మర్యాదగా అడగండి. వచ్చిన జవాబులను, రాని జవాబులను కూడా తరగతిలో చర్చించండి.