ధరావతు ఎవరి చేతనున్నది?

ఇంగ్లండున లెస్టరు నగరమందు చదువుకొనుచున్న మా మేనల్లుడు, తన యింటి వ్యవహారములు చూచు ఏజెంటు మారినట్లు వచ్చిన లేఖను నాకు చూపినప్పుడు, అందు ఇకపై అద్దె జమచేయవలసిన బ్యాంకు ఖాతా సంఖ్య రెండు మార్లు, అదియు పెద్ద యక్షరములతో ముద్రితమైయుండుటయు, అతడు చేరునాడు చెల్లించిన 5 వారముల అద్దె ధరావతును గూర్చి ఒక్క మాటయైన లేకుండుటయు గమనించితిని. 2004 నాటి గృహచట్టము ననుసరించి 2007 ఏప్రిలు నుండి అచ్చట ఇట్టి ధరావతును ప్రభుత్వామోదిత పథకమున రక్షింపవలెననియు, పుచ్చుకొన్న 30 దినములలో అట్లు చేయనిచో న్యాయస్థానము ఒక రెట్టు మొదలు మూడు రెట్ల వరకు ఇప్పించుననియు ఎల్లరును చెప్పుదురు. ఆ రక్షణ రెండు విధములని చెప్పువారు మాత్రము అరుదు. సొమ్ము పథకమువారి యొద్దనే యుండు పద్ధతియందు ఏజెంట్లు పదిమంది మారినను అది కదలదు; బీమా పద్ధతియందో, సొమ్ము సాధారణముగా ఏజెంటు చేతనే యుండి, అతని సభ్యత్వమే దానికి గొడుగగును గనుక, అతడు వెడలునాడు సొమ్మును గొడుగును రెండును క్రొత్తవానికి చేరినవో లేదో అద్దెకున్నవానికి తెలియదు. ఈ రెండింటిలో నొకదానిని ఎన్నుకొను హక్కు సొమ్మిచ్చినవానికి లేకుండుటయే నాకు మిక్కిలి విడ్డూరముగా తోచుచున్నది. మన హైదరాబాదున అడ్వాన్సునకు రశీదు పుట్టుటయే దుర్లభమందురా, అది వేరు కథ. ఏజెంటు మారినంతమాత్రమున యజమాని బాధ్యత తొలగిపోదు గనుక, ధరావతు ఏ పథకమున, ఎవరి పేర, ఏ సంఖ్యతో నున్నదో తెలుపుడని మావానిచే వ్రాయించిన జాబు క్రొత్త ఏజెంటునకు గాక తిన్నగా యజమానికే పోయినది.