సాయం కాదు, నాయకత్వం

1985 జులైలో కారంచేడులో తాగునీటి చెరువును మురికి చేయొద్దని అడ్డుపడింది మాదిగ మహిళ మున్నంగి సువార్త. మరునాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

ఇవాళ మధురవాడ కాలనీల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెట్టినా, కేసు పెట్టే అక్కకు తోడుగా స్టేషన్‌కెళ్లినా, ఆ దళిత యువతి చేసింది ‘సాయం’ అని మెచ్చుకుని వదిలేస్తున్నాం. నిర్ణయం దగ్గర ఆమెకు కుర్చీ ఉండదు.

అత్యాచారాల నిరోధక చట్టం 1995 నిబంధనల్లో 17వది జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ గురించి. అది మూడు నెలలకోసారైనా సమావేశం కావాలి. అందులో ఎస్సీ, ఎస్టీ అనధికార సభ్యులు ఐదుగురి దాకా ఉండొచ్చు. విశాఖ కమిటీలో ఈ యువతులకు చోటివ్వాలని మేము అడుగుతున్నాం. చివరి సమావేశం ఎప్పుడు జరిగిందో సమాచార హక్కు దరఖాస్తుతో ముందు తేల్చుకుందాం.