అరువు మాటలు

శుభ శుక్రవారం మధ్యాహ్నం మన చర్చిల్లో చాలాచోట్ల మూడు గంటల ఆరాధన జరుగుతుంది. పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఎవరికి ఏ మాట వచ్చిందన్నది వారం ముందు నుంచే ముచ్చట. నాలుగో మాట వంతొచ్చినవారు కొంచెం జంకుతారు. ఎందుకు విడిచిపెట్టావని కుమారుడే తండ్రిని నిలదీస్తున్న మాట అది. విడమరిచి చెప్పడం తేలిక కాదు. ఆ హడావిడిలో ఒక సంగతి పక్కకు జారిపోతుంటుంది. ఆ మాట 22వ కీర్తన మొదటి వాక్యం. ప్రాణాన్ని తండ్రి చేతికి అప్పగించే ఏడో మాట 31వ కీర్తనలోది. యూదులు పడుకోబోయే ముందు చెప్పుకునే ప్రార్థనలో నేటికీ అది ఉంది. ఊపిరి అందక అల్లాడుతున్న మనిషి నోట, ఎన్నడో కంఠతా వచ్చిన మాటలే వచ్చాయి.

మన సంఘాల్లో మాత్రం ప్రార్థనంటే సొంత మాటల్లో, అనర్గళంగా సాగాల్సిందేనన్న భావం బలంగా ఉంది. పుస్తకం చూసి చదివితే అది ఆచారమే తప్ప ప్రార్థన కాదని పెద్దలే అంటుంటారు. ఇంటికొచ్చిన అయ్యగారు ‘ఎవరైనా ఒకరు ప్రార్థన చేయండమ్మా’ అనగానే గదిలో తలలన్నీ కిందికి వాలతాయి. మాట రానివాళ్ల ఇబ్బంది అది. మాట వచ్చినవాళ్ల సంగతి చూడండి. కనుపాపలా కాపాడావు తండ్రీ, రెక్కల నీడన దాచావు తండ్రీ అంటూ సాగిపోతారు. ఆ కనుపాప, ఆ రెక్కల నీడ రెండూ 17వ కీర్తనలో ఒకే వచనంలో పక్కపక్కన ఉన్నాయి. బడి గడప తొక్కని అవ్వ కూడా మోకాళ్లూనగానే ఇంట్లో ఎన్నడూ మాట్లాడని గ్రాంథికం అందుకుంటుంది. ఆమెకు దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఏళ్ల తరబడి విన్న పాత అనువాదం నోట్లో ఊరిపోయింది. సొంత మాటలనుకునే ప్రార్థనలో సగం ఇలా అరువు తెచ్చుకున్నదే. ఆ అరువేదో తెలిసి చేద్దాం అన్నదే ఇక్కడి మనవి.

యోనా చేప కడుపులో చేసిన ప్రార్థన చదివితే కీర్తనల ముక్కలు అతికినట్టే ఉంటుంది. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసులకు రాసిన నియమావళిలో 150 కీర్తనలూ వారానికోసారి పూర్తి కావాలన్నాడు. మన పూర్వులు ఒక్కరోజులో ముగించినదానికి మనకు వారం పడుతోందని ఎత్తిపొడిచాడు కూడా. చదువురాని సామాన్యులకు 150 కీర్తనల బదులు 150 సార్లు మంగళవార్త జపం చెప్పుకునే పద్ధతి వచ్చింది. ఆ జపం మొదటి సగం లూకా సువార్తలో గబ్రియేలు దూత, ఎలీసబెతు పలికిన మాటలే. జపమాల పట్టుకుని గుణదల కొండెక్కే అమ్మా, జపమాలంటే గిట్టని పక్కవీధి ప్రొటెస్టెంటు అమ్మా నీళ్లు తోడుకునేది ఒకే చెలమలో.

ఈ విషయంలో గోదావరి జిల్లాలకు దగ్గరి చుట్టరికం ఒకటుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ భార్యకు తోడబుట్టినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. 1836లో ఈ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే ఆ తర్వాత నరసాపురం ప్రాంతంలో సువార్త పని మొదలుపెట్టారు. ముల్లర్ ప్రార్థనకు పేరుపడ్డవాడు. అలాంటి మనిషి 1841లో తన దినచర్యలో ఒక సంగతి ఒప్పుకున్నాడు. పదేళ్లుగా పొద్దున్నే నేరుగా ప్రార్థనలోకి దిగేవాడట. మనసు కుదురుకునేసరికి ఒక్కోసారి అరగంట గడిచిపోయేదట. అప్పుడు పద్ధతి మార్చాడు. ముందు బైబిల్ తెరవడం, ఒక్కో వచనం దగ్గర ఆగి నెమరు వేయడం. కొద్ది నిమిషాల్లోనే అది ఒప్పుకోలుగానో, కృతజ్ఞతగానో, మరొకరి కోసం విజ్ఞాపనగానో మారేది. విశ్వాసవీరుడని పుస్తకాలు కీర్తించిన ముల్లర్ కన్నా, అరగంట దిక్కులు చూశానని చెప్పిన ముల్లరే మనకు దగ్గరివాడు.

సొంత మాటలు మన ఇంటి చుట్టూనే తిరుగుతాయి. అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి సంబంధం, మోకాళ్ల నొప్పి, అమెరికా వీసా. తప్పేం లేదు, అవీ దేవుడికి చెప్పుకోవలసినవే. కానీ రోజుకొక కీర్తన వరసగా ప్రార్థిస్తూ పోతే 72 దగ్గర, ఏలేవాడు పేదలకు న్యాయం తీర్చాలని అడగక తప్పదు. 104లో అడవి గాడిదల దాహం, కొంగల గూళ్లు, సింహపు పిల్లల ఆకలి ఎదురవుతాయి. వాటిని తలుచుకుని మనంతట మనం ఎప్పుడు మోకరించాం?

ఇక దుఃఖం సంగతి. కీర్తనల్లో మూడోవంతుకు పైగా మొరలు, ఫిర్యాదులే. మన సాక్ష్యాల సభల్లో జబ్బు నయమైనవాళ్లే లేచి నిలబడతారు. నయం కానివాళ్లకు మాటలు 88వ కీర్తనలో ఉన్నాయి. తక్కిన మొరలు దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట వెలుతురు వైపు తిరుగుతాయి. అది తిరగదు, చీకట్లోనే ఆగిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అలా మాట్లాడితే ‘విశ్వాసం ఉండాలమ్మా’ అని నలుగురూ సర్దిచెబుతారు. అదే మొర ఆమె బైబిల్ తెరిచి పైకి చదివితే ఆ నలుగురూ ఏమనగలరు? అన్నిటినీ ఇలా ఎత్తుకోగలమనీ కాదు. 137వ కీర్తన చివరి వచనం పసిపిల్లల మీద పగ. దాన్ని ప్రార్థనగా నోటికి తెచ్చుకోవడం ఈ రచయిత వల్ల కాలేదు.

మరో ప్రమాదమూ ఉంది. కరోనా రోజుల్లో ఇళ్లలో ఎంతగానో వినిపించిన 91వ కీర్తనను, సువార్తలో, దేవాలయ శిఖరం మీద అప్పజెప్పినవాడు సాతాను. అదీ యేసును కిందికి దూకించడానికి. ‘నువ్వే మాటిచ్చావు, ఇచ్చి తీరాలి’ అని వచనాన్ని ప్రామిసరీ నోటులా దేవుడి ముందు ఆడించే ప్రార్థనలు విన్నప్పుడల్లా ఆ శిఖరం గుర్తొస్తుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు. ఏడాదంతా ఆ మాటతో ప్రార్థించేవాళ్లున్నారు, మంచి అలవాటు. 88వ కీర్తన వచనం ఉన్న కార్డు మాత్రం ఇంతవరకూ ఎవరి బైబిల్లోనూ కనబడలేదు. ఈసారి కార్డు తీసుకుని ఇంటికెళ్లాక ఆ కీర్తన కూడా తెరవండి. మీకు అవసరం లేకపోతే, ఆసుపత్రి వార్డులో ఉన్న ఎవరినైనా తలుచుకుని వాళ్ల బదులు పైకి చదవండి. 18 వచనాలే.