ఇటుకల లెక్క తగ్గలేదు



నిర్గమకాండము అయిదవ అధ్యాయం మనకు సండే స్కూల్ నుండి తెలిసిందే. మోషే అహరోనులు ఫరో దగ్గరకు వెళ్లి జనులకు మూడు దినాల సెలవు అడిగారు. ఫరో సెలవు ఇవ్వలేదు సరికదా, అంతవరకు ఇస్తున్న గడ్డి కూడా ఆపేశాడు. ఇటుకల లెక్క మాత్రం అంతే ఉంచాడు. లెక్క తగ్గిందని ఇశ్రాయేలీయుల నాయకులను కొట్టించాడు. దెబ్బలు తిన్న ఆ నాయకులు బయటకు వచ్చి మోషేనే తప్పుపట్టారు. ఈ భాగం మీద మేము చాలాసార్లు ప్రసంగించాము గాని, అది మన పక్క టౌనులో ఒక ఆసుపత్రి ఆఫీసు గదిలో జరుగుతుందని గత సంవత్సరమే చూశాము.

మన సంఘంలోని ఒక సహోదరి అక్కడ నాలుగేళ్లు నర్సుగా చేసింది. పని కాన్పుల వార్డులోనే. తనకు ఐదో నెల వచ్చాక, నైట్ డ్యూటీలు మార్చమని, కాన్పు సెలవు జీతంతో ఇవ్వమని అడిగింది. రేపటినుండి రావద్దు, కాన్పయ్యాక చూద్దామన్నారు. ఒక తెల్ల కాగితం ఇచ్చి, సొంత కారణాలతో మానేస్తున్నానని రాసి సంతకం పెట్టమన్నారు. ఆమె పెట్టలేదు. ఆ ఒక్క పని చేయకపోవడమే ఆమెను నిలబెట్టింది. పెట్టి ఉంటే, తీసేశారని చెప్పడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఆ తరువాత గడ్డి ఆగిపోయింది. చేరిన రోజున తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. రెండు నెలల జీతం ఆపారు. లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టిన వారానికి, నాలుగేళ్లుగా ఎవరికీ కనబడని తప్పులన్నీ ఒక మెమోలో కనబడ్డాయి. ఆమెతో పనిచేసే అమ్మాయి, మన సంఘంలోని పిల్లే, ఆదివారం ఆమె పక్కన కూర్చోవడం మానేసింది. ఆ అమ్మాయిని మేము నిందించము. ఆమె జీతం మీద ముగ్గురు బతుకుతున్నారు.

మా సంగతి కూడా చెప్పాలి. మందిరం ప్రహరీ గోడకు సిమెంటు ఇచ్చిన పెద్దమనిషి ఇంటికి వచ్చి, ఆ అమ్మాయికి మీరొక మాట చెప్పండి అన్నాడు. మేము చెప్పాము. సర్దుకో తల్లీ, దేవుడు ఇంకో ద్వారం తెరుస్తాడు అన్నాము. ఆమె ఏమందంటే, "ఈ ద్వారం దేవుడు మూయలేదు కదండీ అయ్యగారూ, వాళ్లు మూశారు." ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆమె అడిగింది దయ కాదు. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లోనే వచ్చింది. పన్నెండు వారాలున్న సెలవును 2017లో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేశారు. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. గర్భిణిగా ఉండగా తీసేసినంత మాత్రాన ఆ డబ్బు మీద హక్కు పోదు. పర్మినెంటు కాదు కదా అనే మాటకు కూడా జవాబు ఉంది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద చేసే స్త్రీల విషయంలో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, రోజుకూలీ స్త్రీలకూ ఈ హక్కు ఉందని.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు భయమెందుకు అంటారు. ఖర్చు దగ్గర భయం. ఆమె జీతం పదకొండు వేలు. మొదట కలిసిన వకీలు పదిహేను వేలు ముందు ఇమ్మన్నాడు. అది పోను, లేబర్ ఆఫీసుకు రెండు బస్సులు మారి వెళ్లాలి. తోడు వెళ్లిన భర్తకు ఆ రోజు కూలి పోతుంది. ఆసుపత్రి తరఫున ఎవరూ రాకపోతే ఇంకో తేదీ ఇస్తారు. యజమానికి ఆలస్యం వల్ల పోయేదేమీ లేదు. కడుపుతో ఉన్న మనిషికి ప్రతి వాయిదా ఒక నెల అద్దె.

బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ అనే కంపెనీలో స్టెనోగ్రాఫర్‌గా ఉన్న ఆడ్రీ డికోస్టా, అదే పని చేసే మగవాళ్లకంటే తనకు తక్కువ జీతం ఇచ్చారని అర్జీ పెట్టింది. ఉద్యోగం 1977లో పోయాకే ఆ అర్జీ పెట్టింది. కింది అధికారి ఆమె మాట కాదన్నాడు, అప్పీలులో గెలిచింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లి ఓడింది, సుప్రీంకోర్టుకూ వెళ్లి 1987లో ఓడింది. ఇచ్చుకునే స్థోమత లేదన్న వాదన చెల్లదని కోర్టు చెప్పింది. మంచి తీర్పే. పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లు తట్టుకోలేనివాళ్ల పేర్లు ఏ తీర్పులోనూ ఉండవు.

అందుకే సంఘం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది, మేము కూడా ఆలస్యంగా తెలుసుకున్నాము. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆదాయం ఎంత అని చూడరు. ఫ్యాక్టరీల వంటిచోట్ల పనిచేసే కార్మికులకూ అంతే. కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు కూడా వాళ్లే భరిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేయవచ్చు. కుల సర్టిఫికెట్ అడుగుతారని మనవాళ్లు వెనకాడతారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డ్ కులాల నుండి క్రైస్తవులైనవారికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సి. అది వేరే గాయం, దాని గురించి ఇంకోసారి రాస్తాము. ఈ విషయంలో మాత్రం స్త్రీ అయితే చాలు. ఉచిత వకీలు శ్రద్ధగా చేయడనే మాట కూడా విన్నాము. ఈమెకు వచ్చిన అమ్మాయి ఫోన్ ఎత్తుతుంది. ఫీజు తీసుకుని ఎత్తని వారిని కూడా చూశాము.

అర్జీ పెట్టాలా వద్దా అనేది పనిచేసేవారే తేల్చుకోవాలి. పులిపిట్ మీదనుండి ధైర్యం చెప్పేవారికి జీతం ఆగదు. కాని పెట్టేముందే కాగితాలు దాచుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, డ్యూటీ చార్టు ఫొటో, రావద్దని చెప్పిన వాట్సాప్ మెసేజ్. గర్భిణినని నోటితో చెప్పి ఊరుకోకుండా, కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు దాచుకోండి. తీసేస్తే అప్పీలుకు 60 రోజులే గడువు, ప్రార్థన చేసి చూద్దామని ఆ రోజులు పోగొట్టుకోకండి.

సిమెంటు ఇచ్చిన పెద్దమనిషికి, మేము ఇక మధ్యవర్తిత్వం చేయమని చెప్పాము. గోడ సగంలో ఆగింది. సర్టిఫికెట్లు పోయిన నెల చేతికి వచ్చాయి. జీతం, సెలవు డబ్బు ఇంకా రాలేదు. బాబుకు మూడో నెల. వచ్చే మంగళవారం వాయిదా ఉంది, ఉదయం ఆరు గంటల బస్సుకు మేము వెళ్తున్నాము. ఆమె లోపల మాట్లాడేటప్పుడు బిడ్డను ఎత్తుకోవడానికి ఒక సహోదరి కావాలి. రాగలిగినవారు ఆదివారం ఆరాధన తరువాత చెప్పండి.