శుశ్రూష అంటే వినాలనే కోరిక

రోగికి చేసే సేవను మనం తెలుగులో శుశ్రూష అంటాము. ఈ మాట సంస్కృతం నుంచి వచ్చింది. 'శ్రు' అనే ధాతువుకు వినడమని అర్థం. శుశ్రూష అంటే వినాలనే కోరిక. గురువు మాట వినగోరే శిష్యుని వినయాన్ని తెలిపే ఈ పదం, కాలక్రమాన సేవ అనే అర్థాన్ని సంతరించుకొని, రోగి పడక పక్కకు చేరింది. మన ఉర్దూ మిత్రులు అదే పనిని తీమార్‌దారీ అంటారు. పారసీక భాషలో తీమార్ అంటే ఒకరి కోసం పడే బాధ, వారి ఆలనా పాలనా. ఒక భాష చెవిని పట్టుకొన్నది, మరొక భాష హృదయాన్ని పట్టుకొన్నది. రెండింటిలోనూ మందుసీసా ప్రసక్తి లేకపోవడం గమనించదగిన విషయం.

ఈ మాటల మీదికి నా ధ్యాస ఊరకే పోలేదు. మన కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, ఇప్పుడు నర్సింగులో పై చదువు చదువుతున్న ఒక అమ్మాయి ఆ మధ్య ఒక ప్రశ్నావళి పట్టుకొని నా వద్దకు వచ్చింది. వృద్ధులు తమ ఆరోగ్యాన్ని తామే కాపాడుకోవడానికి ఏమేమి చేస్తున్నారో తెలుసుకొనే ప్రశ్నలవి. "సార్, వీటిని మా ఊరి అవ్వలకు అర్థమయ్యే తెలుగులోకి మార్చి ఇవ్వండి" అన్నది. దానితోపాటు కొన్ని పరిశోధన పత్రాలు కూడా ఇచ్చింది. వాటిలో చాలా భాగం కొరియా వృద్ధులను గురించి కొరియా నర్సులు రాసినవి. "కొరియా ఎందుకమ్మా?" అని అడిగాను. "వాళ్ళకు ముసలితనం మనకంటే ముందు, మనకంటే వేగంగా వచ్చింది సార్" అని ఆమె సమాధానం.

ఆ మాట నిజమే. దక్షిణ కొరియా జనాభాలో 65 ఏళ్ళు దాటినవారు 2000 సంవత్సరంలో 7 శాతం. 2018 నాటికి వారు 14 శాతమయ్యారు. 2024 డిసెంబరులో 20 శాతానికి, అంటే కోటిమందికి పైగా చేరారు. 7 నుంచి 14 శాతానికి చేరడానికి ఫ్రాన్సు దేశానికి నూరేళ్ళకు పైగా పట్టింది. కొరియాకు 18 ఏళ్ళు చాలింది. ఇంత త్వరగా నెరసిన సమాజం తన పెద్దలను ఎలా చూసుకోవాలో నిదానంగా నేర్చుకొనే అవకాశం లేకపోయింది.

ఆ వృద్ధులు ఎవరు? వారిలో మిక్కిలి పెద్దవారు 1945కు పూర్వం జపాను పాలనలో పుట్టినవారు. 1950 నుంచి 1953 వరకు సాగిన యుద్ధాన్ని బాల్యంలో చూచినవారు. ఆ తరం పల్లెటూరి స్త్రీలలో బడి ముఖం ఎరుగనివారు అనేకులు. పెద్దలను గౌరవించడం పరమధర్మమని నమ్మే దేశమది. మనం షష్టిపూర్తి చేసుకొన్నట్లే వారు అరవయ్యవ ఏట హ్వాన్‌గాప్ అనే వేడుక చేస్తారు. కాని పిల్లలు పట్టణాలకు వెళ్ళిపోయారు. పల్లెలో తల్లి మిగిలింది. ఆమెకు రక్తపోటు, కీళ్ళనొప్పులు, ఒంటరితనం మిగిలాయి.

ఆమె వద్దకు మొదట వెళ్ళినది నర్సు. కొరియా ప్రభుత్వం 1980లో ఒక ప్రత్యేక చట్టం చేసి, డాక్టర్లు లేని పల్లెలకు, లంకలకు నర్సులను పంపింది. నెలల తరబడి అదనపు శిక్షణ పొందిన ఆ నర్సులకు చిన్న చిన్న జబ్బులను తామే పరీక్షించి మందులిచ్చే అధికారం కూడా ఇచ్చింది. తొలినాళ్ళలో కాన్పులు, పసిబిడ్డల టీకాలు వారి ముఖ్యమైన పనులు. పల్లెల్లో పసిబిడ్డలు కరువైనకొద్దీ ఆ కేంద్రాలు వృద్ధుల కేంద్రాలయ్యాయి. 2007 నుంచి ఇంటింటికీ వెళ్ళి చూచే పథకం దేశమంతటా వచ్చింది. మరుసటి ఏడు దీర్ఘకాలిక సంరక్షణకు ప్రత్యేక బీమా వచ్చింది.

అయినా నన్ను ఎక్కువగా ఆకర్షించినవి ఈ చట్టాలు కావు. కొరియాలో క్యోంగ్నోదాంగ్ అనే వృద్ధుల మందిరాలున్నాయి. ఆ దేశంలో ఇవి అరవై వేలకు మించి ఉన్నాయి. పల్లెపల్లెకూ ఒకటి ఉన్నదనవచ్చు. వెచ్చని నేల మీద కూర్చొని ముసలివారు పేకాడుకొంటారు, కలిసి వండుకొని తింటారు, ఊరి సంగతులు చెప్పుకొంటారు. నర్సులు తమ పరిశోధనలను అక్కడికే తీసుకువెళ్ళారు. "ఆసుపత్రికి రండి, ఆరోగ్యం గురించి చెబుతాం" అనలేదు. వారు కూర్చున్న చోటనే తామూ కూర్చున్నారు. ఎవరు ఎందుకు నడవడం మానేశారో, ఎవరు మందు ఎందుకు మింగడం లేదో అక్కడ తెలిసినంతగా వైద్యశాల గదిలో తెలియదు.

వారి పరిశోధనలలో ఒకదాన్ని ఉదాహరణగా చెబుతాను. కీళ్ళవాతంతో బాధపడే పెద్దవయసు స్త్రీలకు తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామాన్ని పన్నెండు వారాలు నేర్పి, దాని ఫలితాన్ని 2003లో సాంగ్ రాయున్ అనే నర్సింగు ఆచార్యురాలు, ఆమె సహచరులు ప్రకటించారు. నేర్చుకొన్నవారికి నొప్పి, బిగువు తగ్గాయి; నిలకడ పెరిగింది; ఇంటిపనులు కొంత సులువయ్యాయి. మోకాలి కండరాల బలంలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆ సంగతిని కూడా దాచక రాశారు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. మొదట చేరినవారు 72 మంది. చివరి పరీక్షకు మిగిలినవారు 43 మంది. తక్కిన 29 మంది ఏమయ్యారు? పట్టికలో వారు ఒక అంకె మాత్రమే. నా దృష్టిలో శుశ్రూష అసలు పరీక్ష ఆ 29 మంది దగ్గరనే మొదలవుతుంది.

వినడంలోని విలువ హ్వాబ్యోంగ్ విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. కొరియన్ భాషలో 'హ్వా' అంటే నిప్పు, కోపం. 'బ్యోంగ్' అంటే జబ్బు. ఏళ్ళ తరబడి అణచుకొన్న కోపం, అన్యాయం కడుపులో నిప్పై రగలడమే ఆ జబ్బు. నడివయసు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. "నాకు మానసిక కుంగుబాటు ఉన్నది" అని వారు చెప్పరు. ఛాతీ బిగుసుకొన్నదనీ, లోపలినుంచి వేడి ఎగదన్నుతున్నదనీ, గొంతులో ఏదో ముద్ద అడ్డుపడినదనీ చెబుతారు. పాశ్చాత్య పరీక్షాపత్రంలో ఆ మాటలకు గడి లేదు. కనుక చాలాకాలం ఆ బాధ ఎక్కడా నమోదు కాకుండానే పోయింది. చివరకు 1994లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం ఈ పేరును తన అనుబంధంలో చేర్చుకొన్నది. మన ఇళ్ళలో "కడుపులో మంట", "గుండె మీద బరువు" అని అవ్వలు అన్నప్పుడు, మనం జీర్ణకోశానికి మందు కొని తెచ్చి ఇవ్వడం లేదా?

దేశం విడిచిన కొరియన్ల కథ మరొక రకం. 1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత కొరియన్లు వేల సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. తరువాత తమ తల్లిదండ్రులను పిలిపించుకొన్నారు. ఆ తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు. మనుమడు బడినుంచి వస్తే తప్ప మందుచీటీ చదివేవారు లేరు. బాల్టిమోర్, వాషింగ్టన్ నగరాల పరిసరాల్లో మియోంగ్ కిమ్, హేరా హాన్ మొదలైన నర్సు పరిశోధకులు అటువంటివారి రక్తపోటును గురించి పనిచేశారు. కొరియన్ భాషలో తరగతులు జరిపారు. రక్తపోటు కొలిచే యంత్రాన్ని ఇంటికిచ్చి, చూసుకోవడం నేర్పారు. ఆ తరువాత ఫోనులో మాట్లాడుతూ నెలల తరబడి వెంట ఉన్నారు. ఆహారం సంగతి కూడా ఇటువంటిదే. కొరియన్ భోజనంలో కిమ్చీ, పులియబెట్టిన సోయా చారు తప్పనిసరి; రెండూ ఉప్పుతో నిండినవే. "కిమ్చీ మానెయ్యి" అని ఆ అవ్వతో అనడం మన అవ్వతో "ఆవకాయ మానెయ్యి" అనడమే. "చారులోని ముక్కలు తిను, నీళ్ళు కొంత వదిలెయ్యి" అన్నవారి మాట ఆమె వింటుంది.

ఇక్కడ నా స్వంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా దాదీకి రక్తపోటు ఉండేది. ఒకసారి నేనే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. అక్కడ పరీక్ష చేసినవారు "బి.పి. తగ్గిందమ్మా" అని సంతోషంగా చెప్పారు. దాదీ కూడా సంతోషించింది. ఇంటికి వచ్చి మాత్రలు అలమరలో పెట్టేసింది. జ్వరం తగ్గిందంటే జ్వరం పోయిందనే కదా మన భాషలో అర్థం! దగ్గు తగ్గిందంటే ఇక మందు అక్కరలేదనే కదా! నాలుగు నెలల తరువాత ఒక తెల్లవారుజామున ఆమె కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. 'తగ్గింది' అనే మాటకు కొంత దిగిందనీ, పూర్తిగా నయమైందనీ రెండర్థాలున్నాయని తెలుగు ఎం.ఏ. చదివిన నాకు తెలియదా? తెలుసు. ఆ మాట అన్నప్పుడు నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఒక్క పదం దాదీ చెవికి ఎలా సోకిందో అడగలేదు. ఆసుపత్రివారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

అందుకే ఆ ప్రశ్నావళి నా బల్లమీద చాలా రోజులుండిపోయింది. నోరా పెండర్ అనే అమెరికన్ నర్సింగు విదుషి 1982లో ప్రతిపాదించిన ఆరోగ్యాభివృద్ధి సిద్ధాంతం దానికి మూలం. జబ్బు రాకుండా జాగ్రత్తపడటంతో సరిపెట్టుకోక, ఉన్న ఆరోగ్యాన్ని పెంచుకోవడం ఆ సిద్ధాంత సారాంశం. సవరించిన ప్రశ్నావళిలో ఆహారం, వ్యాయామం, మనుషులతో సంబంధాలు మొదలైన ఆరు విభాగాలు, 52 అంశాలు ఉన్నాయి. కొరియా నర్సులు దీన్ని తమ భాషలోకి తెచ్చుకొన్నారు. ఇటువంటి అనువాదాలకు 1970లో బ్రిస్లిన్ అనే పండితుడు వివరించిన ఒక పద్ధతి ఉన్నది. ఒకరు అనువదిస్తారు, మూలాన్ని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు, రెండు ఇంగ్లీషులనూ పోల్చి చూస్తారు. నా అనువాదానికి ఈ పరీక్ష పెట్టినప్పుడు, పత్రికల భాషకు అలవాటుపడి నేను రాసిన 'ఒత్తిడి' ఛాతీని నొక్కే నొప్పిగా తిరిగి వచ్చింది. అవ్వలకు ఒత్తిడి తెలియదు. వారికి "మనసు బాగాలేకపోవడం" తెలుసు. ఆ మాటే రాశాను.

కొరియా నర్సుల కృషిని పొగిడి ఊరుకొంటే న్యాయం కాదు. ఈ పరిశోధనలలో అనేకం ఎనిమిది, పన్నెండు వారాలతో ముగిసేవి. పదమూడవ వారంలో ఆ అవ్వ ఏం చేస్తున్నదో చెప్పవు. చాలావాటిలో స్త్రీలే అధికం. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న తాతలు లెక్కకు రారు. వృద్ధులలో సుమారు 40 శాతం పేదరికంలో ఉన్న దేశమది. వృద్ధుల ఆత్మహత్యల రేటులో అది అభివృద్ధి చెందిన దేశాలన్నిటిలో ముందు వరుసలో ఉన్నది. అద్దె కట్టలేనివానికి వ్యాయామం నేర్పి ఆరోగ్యాన్ని పెంచుకోమనడం ఎంతవరకు సబబు? 2014లో వచ్చిన ప్రాథమిక పింఛను కూడా ఆరోగ్య పథకమేనని నా అభిప్రాయం. వినడమంటే సులువైన మాటలను మాత్రమే వినడం కాదు.

ఇక మన సంగతి. నర్సింగు చదువు ఆడపిల్లకు తగదని భావించే తల్లిదండ్రులు మన మధ్య ఇంకా ఉన్నారు. కిమ్ మో-ఇమ్ అనే నర్సింగు ఆచార్యురాలు 1989 నుంచి 1993 వరకు అంతర్జాతీయ నర్సుల మండలికి అధ్యక్షురాలిగా ఉన్నారనీ, 1998లో తన దేశానికి ఆరోగ్య సంక్షేమ మంత్రి అయ్యారనీ వారికి మనవి చేస్తున్నాను. సాహిత్యం చదివితే ఏం ప్రయోజనమని అడిగే విద్యార్థులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వారికి మా దాదీ కథే నా సమాధానం.

కళాశాల కార్యవర్గం వారికి ఒక చిన్న సూచన. మన విద్యార్థుల ఇళ్ళలో తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ వినిపిస్తాయి. ఈ రెండు భాషలలో మన పెద్దలు తమ జబ్బులను, నొప్పులను, దిగుళ్ళను ఏ మాటలతో చెప్పుకొంటారో సెలవుల్లో విద్యార్థుల చేత రాయించి, ఒక పట్టికగా ఈ సంచికలోనే అచ్చు వేద్దాం. ఖర్చు స్వల్పం. ఈ ప్రాంతపు ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే నర్సుల చేతికి అది చేరితే, 'తగ్గింది' అనే మాట వల్ల మరొక ఇంట్లో మరొక కుడి చేయి పడిపోకుండా ఆపవచ్చు.

విద్యార్థినీ విద్యార్థులారా! అందుకు ఈ సాయంత్రమే ఆరంభం కావచ్చు. ఇంటికి వెళ్ళి మీ నానీనో, దాదీనో, అవ్వనో, తాతనో ఒంట్లో ఎలా ఉన్నదని అడగండి. వారు చెప్పడం ముగిసేదాకా మధ్యలో మాట్లాడకండి.