సుత్తి చూపించారు... దెబ్బ చూపించలేదు!

సుత్తి అనగానే మన తెలుగు ప్రేక్షకుడికి ముందు నవ్వొస్తుంది. 1982లో వచ్చిన జంధ్యాలగారి ‘నాలుగు స్తంభాలాట’ పుణ్యమా అని ఆ మాటకి అర్థమే మారిపోయింది. వీరభద్రరావుగారికీ, వేలుగారికీ అది ఇంటిపేరే అయి కూచుంది. ఈ వారం నేను చెప్పబోయే సినిమాలో కూడా ఒక సుత్తి వుంది. కాకపోతే అది నవ్వించే సుత్తి కాదు.

సినిమా పేరు ‘యూ వర్ నెవర్ రియల్లీ హియర్’. తెలుగులో చెప్పాలంటే ‘నువ్వసలు ఇక్కడ ఎప్పుడూ లేవు’. దర్శకురాలు లిన్ రామ్సే. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టిన మనిషి. జొనాథన్ ఏమ్స్ రాసిన ఒక చిన్న నవల ఆధారంగా తీశారు. హీరో హోవాకిన్ ఫీనిక్స్. 2019లో ‘జోకర్’గా వచ్చి లోకాన్నంతా భయపెట్టిన నటుడే! ఆ ‘జోకర్’కి రెండేళ్ల ముందే, 2017లో, కాన్స్ చిత్రోత్సవంలో ఈ సినిమాకి ఆయన ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నారు. కాళ్లకి కాన్వాసు బూట్లతోనే వేదిక ఎక్కి, అందుకు క్షమాపణ కూడా చెప్పుకున్నారు. ఉత్తమ స్క్రీన్‌ప్లే బహుమతిలో కూడా ఈ చిత్రానికి వాటా వచ్చింది. చిత్రమేమిటంటే, ఇందులో మాటలు బహు తక్కువ. హీరోగారు నోరు విప్పి నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాటల్లేని సినిమాకి రచన బహుమతి ఏమిటని మీరడగొచ్చు. అక్కడికే వస్తున్నాను.

ముందు కథ చెప్తాను. చివరిదాకా చెప్పక తప్పదు. సినిమా చూశాకే చదువుతామనే వాళ్లు పత్రిక పక్కన పెట్టి, గంటన్నర తర్వాత మళ్లీ తియ్యండి. సినిమా అంతకంటే పెద్దది కాదు.

జో అనేవాడు ఒకప్పటి సైనికుడు. న్యూయార్క్‌లో ముసలి తల్లితో వుంటాడు. తప్పిపోయిన ఆడపిల్లల్ని, దుర్మార్గుల చేతుల్లో పడ్డ చిన్నపిల్లల్ని, డబ్బు తీసుకుని వెతికి తీసుకురావడం అతని వృత్తి. అడ్డొచ్చినవాళ్లని కొట్టి చంపేస్తాడు. తుపాకీతో కాదు, సుత్తితో. ఒక సెనేటర్ కూతురు, నీనా, పదమూడేళ్ల వయసు పిల్ల. ఆమెని తెచ్చిపెట్టమని పని వస్తుంది. తీసుకొస్తాడు. ఆ రాత్రే టీవీలో ఆ సెనేటర్ చనిపోయాడని వార్త. పోలీసు దుస్తుల్లో వున్నవాళ్లే వచ్చి పిల్లని లాక్కుపోతారు. దీని వెనక రాష్ట్ర గవర్నరే వున్నాడని తెలుస్తుంది. జోకి పనులు చెప్పే మనిషిని చంపేస్తారు, మధ్యవర్తినీ అతని కొడుకునీ చంపేస్తారు, చివరికి జో తల్లిని కూడా.

ఇంతవరకూ చదివి, ‘ఇదేం కొత్తండీ, మన యాక్షన్ పిక్చరే కదా’ అంటారు మీరు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇలాంటి కథ మన రైటర్ల చేతిలో పడితే ఎలా వుంటుందో ఊహించుకోండి. హీరో ఎంట్రీకి ఒక ఫైటు, ఇంటర్వెల్‌కి ఒక ఫైటు, తల్లి చచ్చిపోయాక క్లైమాక్స్ ఫైటు. రామ్సే దగ్గర ఆ లెక్క చెల్లదు. పిల్లని బంధించిన ఇంట్లోకి జో సుత్తి పట్టుకుని వెళ్లే ఘట్టం చూడండి. దర్శకురాలు మనల్ని ఆ ఇంటి కాపలా కెమెరాల దగ్గర కూచోబెడుతుంది. నలుపు తెలుపు బొమ్మ, పైనుంచి కోణం. ఒక గదిలో ఒకడు నడుస్తూంటాడు. బొమ్మ మారుతుంది. ఇంకో హాలు. మళ్లీ మొదటి గదికి వచ్చేసరికి వాడు నేల మీద పడి వుంటాడు. వెనకాల ఏదో పాత ప్రేమపాట తీయగా వినిపిస్తూంటుంది. దెబ్బ పడిన క్షణం మాత్రం మనకి దాదాపు దొరకదు. ఈల వెయ్యడానికి చోటే లేదు!

మన ‘శివ’ సంగతి గుర్తు తెచ్చుకోండి. 1989లో నాగార్జున సైకిల్ చైను తెంపి చేతికి చుట్టుకోగానే హాళ్లు దద్దరిల్లాయని మా అన్నయ్యలు ఇప్పటికీ చెప్తూంటారు. చైను కూడా ఇంట్లో వుండే వస్తువే, సుత్తి కూడా అంతే. జో దాన్ని మామూలు హార్డ్‌వేర్ కొట్లో కొనుక్కుంటాడు. కానీ చైను శివని ఆకాశానికి ఎత్తింది. సుత్తి జోని ఎక్కడికీ ఎత్తదు. ఎందుకని? జవాబు సినిమాలోనే వుంది, కాకపోతే ఎవరూ నోటితో చెప్పరు. జో చిన్నప్పటి జ్ఞాపకాలు మెరుపుల్లా వచ్చి పోతూంటాయి. ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లు. అందులో తండ్రి చేతిలో సుత్తి కనిపిస్తుంది. తల్లి దాక్కుని వుంటుంది. పిల్లవాడు బీరువాలో, బట్టల మధ్య, మొహానికి ప్లాస్టిక్ సంచి బిగించుకుని నిలబడి వుంటాడు. తెలిసింది కదా! ఏ వస్తువుతో తన తల్లిని తండ్రి హింసించాడో, ఆ వస్తువునే ఇతను పనిముట్టుగా ఎంచుకున్నాడు. చంపే ప్రతిసారీ చంపుతున్నది ఆ తండ్రినే. ఎన్నిసార్లు చంపినా వాడు చావడు. అందుకే సుత్తి ఎత్తిన జో మొహంలో గెలుపు కనిపించదు, అలసట కనిపిస్తుంది.

మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ అంటే ఒక అరగంట విందు. అన్నీ వరసగా చెప్తారు, పాట కూడా పెడతారు. ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్ గొంతులో ఇరుక్కున్న ముల్లు లాంటిది. ఎడారిలో సైనికుడిగా వున్నప్పుడు జో ఒక పిల్లవాడికి చాక్లెట్ ఇస్తాడు. ఆ చాక్లెట్ కోసం ఇంకో పిల్లవాడు ఆ పిల్లవాణ్ణి కాల్చేస్తాడు. మరోచోట ఒక కంటైనర్ తలుపు తెరిస్తే లోపల ఊపిరాడక పోయిన ఆడపిల్లలు. ఇవి కథలో ఎక్కడ జరిగాయి, ఎప్పుడు జరిగాయి అని ఎవరూ చెప్పరు. చెప్పకపోవడమే సరైన పద్ధతి. గాయపడ్డ మనసుకి తేదీలుండవు. ఎప్పుడో జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టుంటుంది. స్క్రీన్‌ప్లే బహుమతి దీనికే వచ్చిందని నా అభిప్రాయం. రేడియోహెడ్ బృందంలో గిటార్ వాయించే జానీ గ్రీన్‌వుడ్ సంగీతం కూడా ఆ పద్ధతిలోనే సాగుతుంది. సరిగ్గా కుదురుకున్నామనుకునేలోపు లయ తప్పిస్తుంది.

ఇక అసలు గొడవకి వద్దాం. ఈ సినిమాని నేను మొదటిసారి ఒక స్నేహితుడి గదిలో చూశాను. అయిపోయాక మా ఇద్దరికీ తెల్లవారేదాకా వాదన. వాడి సిద్ధాంతం ఏమిటంటే, నీనా అనే పిల్లే లేదు, అంతా జో కల్పన అని. కాకపోతే రెండో సిద్ధాంతం: జో చెరువులోనే చచ్చిపోయాడు, తర్వాతిదంతా చచ్చిపోతూ కన్న కల. తల్లి శవాన్ని తీసుకెళ్లి, జేబుల నిండా రాళ్లు నింపుకుని, ఆమెతోపాటు జో నీళ్లలోకి దిగిపోతాడు కదా, అదీ వాడి ఆధారం. పేరులోనే వుంది కదరా, ‘నువ్వసలు ఇక్కడ లేవు’ అని, అంటాడు.

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. నీనా కల్పనే అయితే ఆ పిల్ల కోసం ఇంతమంది ఎందుకు చచ్చారు? ఇక చెరువు సంగతి. నీళ్లలో మునుగుతున్న జోకి నీనా కూడా మునిగిపోతున్నట్టు కనిపిస్తుంది. వెంటనే జేబుల్లో రాళ్లు తీసి పారేస్తాడు. చావాలనుకున్నవాడు ఒక బతికున్న పిల్ల కోసం పైకి తేలాడు. దాన్ని కూడా కల అనేస్తే, ఆ మనిషి చేసిన ఒకే ఒక్క మంచి నిర్ణయాన్ని మనం తుడిచేసినట్టే.

పైగా ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. కలగంటున్నవాడైతే తనని తాను వీరుడిగానే కలగంటాడు గదా! ఇక్కడ జో సుత్తి పట్టుకుని గవర్నర్ బంగళాకి వెళ్లేసరికి గవర్నర్ గొంతు తెగి పడి వుంటాడు. జో చొక్కా విప్పుకుని, తాను బలహీనుణ్ణని పసిపిల్లాడిలా ఏడుస్తాడు. కింద భోజనాల బల్ల దగ్గర నీనా కూచుని, నెత్తుటి చేతులతో అన్నం తింటూ వుంటుంది. పళ్లెం పక్కన కత్తి. ఆ పిల్ల తనని తానే విడిపించుకుంది. రక్షకుడు ఆలస్యంగా వచ్చాడు. ఎడారిలో ఆలస్యం, కంటైనర్ దగ్గర ఆలస్యం, తల్లి దగ్గర ఆలస్యం, ఇక్కడా ఆలస్యమే. రక్షకుడి కథ అని మొదలుపెట్టి, ఎవరినీ సమయానికి రక్షించలేనివాడి కథ చెప్పారు.

సినిమాలో లోపాలు లేవని కాదు. నీనాకి మాటలు మరీ తక్కువ. జో లాగే ఆమె కూడా అంకెలు వెనక్కి లెక్కపెట్టుకుంటుంది, జో బాధకి అద్దం లాగా నిలబడుతుంది. కానీ ఆ పిల్ల బాధ ఆ పిల్లదిగా మనకి అందదు. గవర్నర్ కుట్ర కూడా రెండు ముక్కల్లో తేల్చేశారు. కథ అల్లిక చూసేవాళ్లకి నిరాశ తప్పదు.

అయితే ఒక ఘట్టం కోసం ఇవన్నీ క్షమించెయ్యొచ్చు. తల్లిని చంపినవాడు వంటింట్లో తూటా తగిలి కొన ఊపిరితో పడి వుంటాడు. జో వెళ్లి వాడి పక్కనే నేల మీద పడుకుంటాడు. రేడియోలో పాట వస్తూంటే చచ్చిపోతున్నవాడు గొంతు కలుపుతాడు. జో కూడా కలుపుతాడు. వాడు చెయ్యి చాస్తే జో పట్టుకుంటాడు. పగ తీర్చుకోవలసిన చోట ఇలాంటి దృశ్యం నేనింతవరకూ ఏ భాషలోనూ చూడలేదు.

ఇప్పుడు ఒక సొంత సంగతి. మా పెద్దనాన్న మిలటరీలో పనిచేశారు. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతిసేనలో వున్నారు. తిరిగొచ్చాక పెద్దగా మాట్లాడేవారు కాదు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, ఒక దీపావళి సాయంత్రం, మా పిల్లలందరం కలిసి ఆయన గది కిటికీ కింద లక్ష్మీ బాంబు పెట్టాం. వేళాకోళానికే. అది పేలగానే ఆయన బయటికి పరుగెత్తుకొచ్చి, నన్ను రెక్క పట్టి ఈడ్చుకెళ్లి గోడ వారగా పడేసి, మీద పడిపోయారు. నా మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. పిల్లాణ్ణి కొట్టాడని అందరూ ఆయన్ని తిట్టారు. మా నాన్న చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఒక్క ముక్క బదులు చెప్పలేదు.

నేను కూడా కొట్టాడనే అనుకున్నాను, చాలా ఏళ్లు. ఈ సినిమా రెండోసారి ఒంటరిగా చూస్తున్నప్పుడు, జో నడివీధిలో నిలబడి ఎవరికీ కనిపించనిదేదో చూస్తున్నప్పుడు తట్టింది. కొట్టే మనిషి మీద పడి కప్పెయ్యడు. ఆ సాయంత్రం ఆయన మా వాకిట్లో లేరు. మరెక్కడో వున్నారు. అక్కడ ఎవరినో కాపాడుతున్నారు. ఆయనకి ఆ మాట చెప్పే వీలు ఇప్పుడు లేదు. పోయి తొమ్మిదేళ్లయింది. పోయిన నెల ఊరెళ్లినప్పుడు మా నాన్నకి మాత్రం చెప్పాను. ఆయన విని, లేచి, పెరట్లోకి వెళ్లిపోయారు.

అంచేత ఆ పేరుకి నా అర్థం ఇది. జో లేకపోవడం అంటే చచ్చిపోవడం కాదు. మన ఎదుటే వుండి, మన కూర తిని, మన టీవీ చూసి, మనతో లేకపోవడం.

చివరి ఘట్టం ఒక హోటల్లో. నీనా లేచి వెళ్లగానే జో తుపాకీ తీసి తనని తాను కాల్చుకుంటాడు. రక్తం చిమ్ముతుంది. పక్క బల్లల వాళ్లు తల తిప్పరు. సర్వరమ్మాయి వచ్చి ఆ రక్తంలోనే బిల్లు పెట్టి వెళ్తుంది. అదంతా జో ఊహ. నీనా తిరిగొచ్చి అతన్ని లేపి, ఈరోజు చాలా బాగుందని చెప్తుంది. జో కూడా బాగుందంటాడు. ఆ తర్వాత కెమెరా ఖాళీ బల్ల మీద నిలబడిపోతుంది. మా స్నేహితుడికి ఆ ఖాళీ బల్ల శ్మశానంలా కనిపించింది. నాకు మాత్రం ఇద్దరూ లేచి బయటికి వెళ్లినట్టు కనిపించింది. ఎక్కడికెళ్తారో వాళ్లకే తెలీదు. ఏ ఇంటికీ చేరకపోవచ్చు. కానీ ఆ మాట అన్నప్పుడు జో అక్కడే వున్నాడు, ఆ కుర్చీలోనే.

చూడండి. పిల్లల్ని పడుకోబెట్టాక చూడండి, వాళ్లకి తగిన బొమ్మ కాదిది. చూశాక మా వాడి పక్షమో, నా పక్షమో ఒక కార్డు ముక్క రాసి పడేయండి. మా వాడి పక్షాన ఎక్కువ ఉత్తరాలొస్తే వాడికో భోజనం బాకీ పడతాను. ఇప్పటికే సుత్తి ఎక్కువైందని మా ఎడిటరుగారి చూపు. వచ్చే వారం కలుద్దాం.