ముహూర్తం తొందర... బరువు భారం

పంచాంగం చూసి కాన్పు తేదీ పెట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. మంచి నక్షత్రం రెండు వారాల ముందే ఉందంటే, డాక్టర్ని బతిమాలైనా ఆ వేళకే సిజేరియన్‌ చేయించుకునేవారున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అవన్నీ ముహూర్తం కోసమే కాదు. అవసరమైనప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. చిక్కల్లా అవసరం లేకుండా తొందరపడటంతోనే!

37 వారాలు దాటితే నెలలు నిండినట్టేనని చాలామంది నమ్మకం. కానీ 39 వారాలు నిండితేనే పూర్తి నెలలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లో స్పష్టం చేసింది. ఊపిరితిత్తులు, మెదడు పరిణతి చెందేది, పాలు చీకే నేర్పు కుదిరేది ఆ చివరి వారాల్లోనే.

ముందే పుట్టిన బిడ్డ కాస్త చిన్నగా ఉంటుంది. పాలు చీకుతూ త్వరగా అలసిపోతుంది. దాంతో 'తల్లిపాలు చాలట్లేదు' అంటూ డబ్బాపాలు మొదలవుతాయి. సీసా ఖాళీ అయ్యేదాకా పట్టడం, బొద్దుగా అయితే మురిసిపోవడం! తొలి నెలల్లో మరీ వేగంగా బరువు పెరిగిన పిల్లలకు తర్వాత ఊబకాయం ముప్పు ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. సిజేరియన్‌కూ, ఊబకాయానికీ కొంత సంబంధం కనిపించినా అదే కారణమని తేలలేదు.

మన పిల్లల విషయంలో మరో మెలిక ఉంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డలను డాక్టర్‌ చిత్తరంజన్‌ యాజ్ఞిక్‌ బృందం ఇంగ్లండ్‌ బిడ్డలతో పోల్చింది. మనవాళ్ల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. అయినా వీపు దగ్గర చర్మం కింది కొవ్వులో తేడా స్వల్పమే. బాగా తగ్గింది కండ. అంటే బక్కగా కనిపించే బిడ్డలోనూ కొవ్వు తక్కువేం కాదు.

ఇవి గుర్తుంచుకోండి

* వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు ఆపరేషన్‌ అడగొద్దు. వెంటనే చేయాలని డాక్టర్‌ చెబితే మాత్రం ముహూర్తం కోసం ఆగొద్దు.

* ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలి. చాలట్లేదనిపిస్తే డబ్బా తెరిచే ముందు డాక్టర్ని కలవండి.

* 37 వారాల లోపు పుట్టిన బిడ్డకు బరువు పెరగడమూ ముఖ్యమే. ఎంత, ఎలా అన్నది పిల్లల డాక్టరే నిర్ణయించాలి.

* బరువుతో పాటు పొడవూ కొలిపించండి. పోల్చాల్సింది పక్కింటి పాపతో కాదు, గ్రోత్‌చార్టుతో.